మండలంలో మాజీ సైనికుల సంఘం నడపాలంటే: సభ్యులకూ, వీర నారీమణులకూ పనికొచ్చే వివరాలు

మిలటరీలో పదిహేనేళ్లో పాతికేళ్లో చేసి ఊరికి వచ్చినవాళ్లు, వాళ్ల భార్యలు, భర్త పోయిన తర్వాత పింఛను కోసం తిరుగుతున్న తల్లులు చదువుకోవడానికి ఈ వివరాలు ఇస్తున్నాం. ఫోన్‌లో వచ్చింది కదా అని పైపైన చూసి వదిలేయకండి. చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం అనే ఊరుంది. మిలటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్లో పింఛను కాగితం ఏదైనా పోతే పక్కింటికి వెళ్లి అడిగితే సరిపోతుంది. మన దగ్గర అలా కాదు. గిద్దలూరు వైపు కొన్ని ఊళ్లను పక్కన పెడితే, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి ఊళ్లలో మాజీ సైనికులు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఒక్కరూ కాలం చేస్తే ఆ ఇంట్లో పీపీఓ అంటే ఏమిటో, రికార్డ్ ఆఫీసు ఎక్కడుందో చెప్పే మనిషే ఉండడు. ట్రంకు పెట్టెలో డిశ్చార్జి పుస్తకం ఉంటుంది, దాంతో ఏం చేయాలో తెలియదు. మండల స్థాయిలో సంఘం ఉండాల్సింది ముఖ్యంగా ఇందుకు. జెండా వందనానికీ, సన్మానాలకూ సంఘం లేకపోయినా గడిచిపోతుంది.

సంఘం వేరు, ప్రభుత్వ కార్యాలయం వేరు

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. అక్కడే సగం గొడవలు మొదలవుతాయి.

మాజీ సైనికుల సంక్షేమం చూడటానికి మన దేశంలో 1919లోనే ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. అదే పేర్లు మారుతూ 1975 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. దాని కింద రాష్ట్రంలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లాల్లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పనిచేస్తాయి. గుంటూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. జిల్లా సైనిక్ బోర్డుకు కలెక్టరు గారు అధ్యక్షులు. మీ గుర్తింపు కార్డు, వితంతు గుర్తింపు కార్డు ఇచ్చేదీ, ఆర్థిక సాయం దరఖాస్తులు పరిశీలించి పైకి పంపేదీ ఈ కార్యాలయమే.

సంఘం అనేది మీరు పెట్టుకున్నది. దానికి ఏదీ మంజూరు చేసే అధికారం లేదు. ‘మా సంఘం లెటర్ ఉంటేనే పని అవుతుంది’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని మాజీ సైనికుడు కూడా నేరుగా కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు ఇవ్వొచ్చు. మరి సంఘం ఎందుకంటే, గిద్దలూరు నుంచో మాచర్ల నుంచో డెబ్బై ఏళ్ల మనిషి ఒంగోలో గుంటూరో వెళ్లి, ఒక జిరాక్సు తక్కువైందని తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాలంటే రెండు రోజులు పోతాయి. ఆ కాగితాలు ఊళ్లోనే సరిచూసి పంపే మనిషి ఉంటే ఒక్క రోజులో తెములుతుంది.

కొత్త జిల్లాలు వచ్చాక కొంతమందికి తమ రికార్డు ఏ కార్యాలయంలో ఉందో తెలియడం లేదు. సంఘం చేయాల్సిన మొదటి ఫోన్ అదే. ప్రతి సభ్యుడి రిజిస్ట్రేషన్ ఎక్కడుందో కనుక్కుని రాసి పెట్టుకోండి.

పేర్ల పుస్తకం

సంఘం అనగానే చాలాచోట్ల ముందు ఫ్లెక్సీ వేయిస్తారు, తర్వాత లెటర్‌హెడ్డు. దానికంటే ముందు రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొనండి.

అందులో ఒక్కో మాజీ సైనికుడికి ఒక పేజీ. సర్వీసు నంబరు, ర్యాంకు, రెజిమెంటు లేదా కోర్, చేరిన తేదీ, రిటైరైన తేదీ, రికార్డ్ ఆఫీసు పేరు, పీపీఓ నంబరు, బ్యాంకు, భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. వీటిలో భార్య పేరు దగ్గర మాత్రం రెండు గడులు పెట్టండి. మిలటరీ రికార్డులో ఎలా ఉందో ఒక గడిలో, ఆధార్‌లో ఎలా ఉందో ఇంకో గడిలో రాయండి. రెండూ ఒక్కటే అయితే సంతోషం. కాకపోతే ఆ పేజీ మూలన ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి.

ఆ ఎర్ర గుర్తు ఎందుకో చెప్పాలి. మాట వరసకు ఒక హవల్దారు పెళ్లి 1980 ప్రాంతంలో జరిగిందనుకుందాం. యూనిట్‌లో గుమస్తాకు భార్య పేరు ‘లక్ష్మి’ అని చెప్పాడు. ఇంగ్లిషులో అదే ఎక్కింది. ఆవిడ ఆధార్‌లో ‘వెంకట లక్ష్మమ్మ’, పుట్టిన సంవత్సరం కూడా వేరే. ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, పింఛను ఆయన ఖాతాలో పడుతూనే ఉంది. ఆయన పోయిన నెల నుంచి ‘ఈ లక్ష్మి, ఆ లక్ష్మమ్మ ఒక్కరే అని రుజువు చేయండి’ అంటారు. రుజువు చేసేలోగా నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో మిర్చి కోతలకు కూలికి వెళ్లే వీర నారి కూడా ఉంటుంది. పింఛనుదారు సొంతంగా బతికుండగా సంతకం పెట్టి సరిచేయించుకుంటే తేలిగ్గా అయ్యే పని, పోయిన తర్వాత ఆవిడ నెత్తిన పడుతుంది.

రికార్డులో పేరు, పుట్టిన తేదీ సరిచేయించాలంటే రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. డిశ్చార్జి పుస్తకం కాపీ, పీపీఓ కాపీ, ఆధార్, పాన్, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, పేరు తేడా గురించి అఫిడవిట్ కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దారి తప్పదు. కొందరి పీపీఓలో భార్య పేరు అసలే ఉండదు. సర్వీసులో ఉండగా పెళ్లి నమోదు కాలేదు, లేదా రిటైరైన తర్వాత పెళ్లయింది. వాళ్లు ఇంకా తొందరపడాలి. కుటుంబ పింఛనుకు భార్య పేరు నోటిఫై చేయించి పీపీఓలో ఎక్కించుకోవాలి.

సంఘం కార్యదర్శి ఏడాదిలో ఇంకేమీ చేయకపోయినా, ఎర్ర గుర్తున్న పేజీల్లో ఐదింటిని సరిచేయిస్తే, నా దృష్టిలో ఆ ఏడాది సంఘం బాగా నడిచినట్టే.

ఇంటి పెద్ద పోయినప్పుడు

ఇది వినడానికి బాగుండదు గానీ, సంఘం అసలు అవసరం తెలిసేది ఆ వారంలోనే. దశదిన కర్మ దాకా ఎవరూ కాగితాల జోలికి పోరు, పోకూడదు కూడా. కానీ ఒక్క మాట మాత్రం ఆ ఇంటివాళ్లకు మొదటి రోజుల్లోనే మెల్లగా చెప్పాలి. చనిపోయిన తర్వాత నెల నుంచి ఆయన పేరున పడే పింఛను డబ్బు తీయొద్దు. ఏటీఎం కార్డు పిల్లల దగ్గరుంటుంది, తెలియక తీసేస్తారు. ఎక్కువ పడిన సొమ్ము తర్వాత వెనక్కి రాబడతారు. అప్పుడది ఆవిడకు రావాల్సిన కుటుంబ పింఛనులోంచే పోతుంది.

మరణ ధ్రువీకరణ పత్రం పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో తీసుకునేటప్పుడు చనిపోయినవారి పేరు పీపీఓలో ఉన్నట్టే రాయించండి. తర్వాత మరణ సమాచారాన్ని స్పర్శ్‌లో నమోదు చేయించి, కుటుంబ పింఛనుకు అడగాలి. స్పర్శ్ అంటే రక్షణ పింఛన్లన్నీ ఇప్పుడు నడుస్తున్న ఆన్‌లైన్ వ్యవస్థ. ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం చూస్తుంది. కామన్ సర్వీస్ సెంటర్లలోనూ, కొన్ని బ్యాంకు శాఖల్లోనూ స్పర్శ్ సేవా కేంద్రాలు ఉన్నాయి. ఆవిడ ఆధార్, పాన్, సొంత పేరున బ్యాంకు పాస్‌బుక్కు, భర్త పీపీఓ, మరణ పత్రం తీసుకెళ్లాలి. ఆవిడకు పాన్ కార్డు లేకపోతే, చాలామందికి లేదు, ముందే తీయించి పెట్టండి.

ఇంకో రెండు విషయాలు ఆ సమయంలోనే చూడాలి. ఆర్మీ నుంచి రిటైరైనవారికి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఎక్స్‌టెండెడ్ బీమా అమల్లో ఉందేమో డిశ్చార్జి కాగితాల్లో వెతకండి. ఉండి కూడా అడగక పోగొట్టుకునే ఇళ్లున్నాయి. ఈసీహెచ్‌ఎస్ కార్డు విషయం కూడా మర్చిపోకూడదు. భర్త పోయినా ఆవిడ వైద్యం ఆగదు. పాలీక్లినిక్‌లో వివరాలు మార్పించుకోవాలి.

భార్య కూడా లేకపోతే, నిబంధనలకు లోబడి పెళ్లికాని, భర్త పోయిన, విడాకులు తీసుకున్న కూతుళ్లకు, సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి కుటుంబ పింఛను వచ్చే వీలుంది. ‘కూతురికి ఏం వస్తుందిలే’ అని ఊళ్లో పెద్దమనుషులు తీర్పు చెప్పేయకుండా కార్యాలయంలో అడగండి.

శవయాత్రలో జాతీయ జెండా కప్పడం గురించి చాలామంది అడుగుతుంటారు. ప్రేమతో చేస్తారు, తప్పని తెలియక చేస్తారు. ప్రభుత్వ లాంఛనాలతో లేదా సైనిక, పారామిలటరీ బలగాల లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జాతీయ జెండాను భౌతికకాయంపై కప్పడానికి చట్టం ఒప్పుకోదు. సంఘం తరఫున పూలదండ వేయండి, సంఘం జెండా కప్పండి, మెడల్స్ పక్కన పెట్టండి, వరుసలో నిలబడి సెల్యూట్ చేయండి. ఆ కుటుంబానికి గుర్తుండిపోయేది అదే.

ఏ సాయం ఎంత, ఎవరికి

కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా ఇచ్చే మూడు సాయాలను 2025 అక్టోబరులో రెట్టింపు చేశారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు కొత్త మొత్తాలు వర్తిస్తాయి. పాత పీడీఎఫ్‌లు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, వాటిలోని అంకెలు చూసి మోసపోకండి.

పేదరికపు సాయం, అంటే పెన్యురీ గ్రాంట్, నెలకు 4,000 రూపాయలు ఉండేది, ఇప్పుడు 8,000. ఇది పింఛను రాని మాజీ సైనికులకు, అలాంటివారి వితంతువులకు. అర్హత సర్వీసు పూర్తికాక పింఛను లేకుండా వచ్చేసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ‘నాకు పింఛనే లేదు, నేను మాజీ సైనికుణ్ణి ఎలా అవుతాను’ అని సంఘానికే రారు వాళ్లు. వయసు 65 దాటి ఉండాలి, ర్యాంకు హవల్దారు లేదా దానికి సమానమైనది, అంతకంటే తక్కువ అయి ఉండాలి, స్థిరమైన ఆదాయం ఉండకూడదు. మీ మండలంలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో వెతకడం సంఘానికి పెద్ద పని. నెలకు ఎనిమిది వేలు అంటే డెబ్బై ఏళ్ల మనిషి పత్తి చేలోకి కూలికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చేసే డబ్బు.

చదువు సాయం నెలకు 1,000 నుంచి 2,000 అయింది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇద్దరు పిల్లల వరకు, లేదా రెండేళ్ల పీజీ చదివే వీర నారికి. దీనికీ హవల్దారు ర్యాంకు వరకే. పాసైన తరగతి మార్కుల పత్రంతో దరఖాస్తు పెట్టాలి. తరగతిని బట్టి చివరి తేదీలు వేరుగా ఉంటాయి. బడులు తెరిచిన నెలలోనే సంఘం ఒకసారి గుర్తు చేస్తే చాలు.

పెళ్లి సాయం 50,000 నుంచి 1,00,000 అయింది. ఇద్దరు కూతుళ్ల వరకు, వీర నారి పునర్వివాహానికి కూడా. కొత్త ఉత్తర్వు వచ్చిన తర్వాత జరిగిన పెళ్లిళ్లకే లక్ష. పెళ్లయిన 180 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అప్పగింతల హడావిడి, ఆ తర్వాత పంట పనులు, ఇలా ఆర్నెల్లు ఇట్టే గడిచిపోతాయి. సంఘం సభ్యుడి ఇంట్లో శుభలేఖ అందుకున్న రోజే కార్యదర్శి తన డైరీలో తేదీ వేసుకోవాలి.

వీటితో సంబంధం లేకుండా ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఉంది. ఇంజినీరింగు, మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులో మొదటి ఏడాది చేరిన మాజీ సైనికుల పిల్లలకు, వీర నారీమణులకు. అమ్మాయిలకు ఏడాదికి 36,000, అబ్బాయిలకు 30,000 రూపాయలు, కోర్సు అయ్యేదాకా. ఇంటర్ వంటి అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులు ఉండాలి. దేశం మొత్తానికి ఏడాదికి 5,500 మందికే ఇస్తారు కాబట్టి పోటీ ఉంటుంది. వస్తుందో రాదో అని కూర్చోకుండా పెట్టి చూడండి.

దరఖాస్తులన్నీ కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనే. తర్వాత ఒరిజినల్ కాగితాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించాలి. ఫీజు లేదు. ఒంగోలు, గుంటూరు వెళ్లే మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

రిజిస్ట్రేషన్, డబ్బు లెక్క

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సంఘాన్ని నమోదు చేయొచ్చు. కనీసం ఏడుగురు కావాలి. సంఘం లక్ష్యాలు, నియమావళి రాసి, అందరి సంతకాలతో జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఇవ్వాలి. ఇంతే. కష్టమంతా ఆ తర్వాతే. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది పంపి మానేస్తాయి. పదేళ్ల తర్వాత రెండు వర్గాలు మేమంటే మేమే అసలు కమిటీ అని కొట్టుకున్నప్పుడు, రికార్డులో పదేళ్ల నాటి పేర్లే ఉంటాయి. అందులో కొందరు చనిపోయి కూడా ఉంటారు. వివాదం వస్తే ఆ చట్టం ప్రకారం మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. పోలీసు స్టేషనుకు, ఎమ్మార్వో ఆఫీసుకు కాదు.

నియమావళి పక్క జిల్లా సంఘం దగ్గర తెచ్చుకుని పేరు మార్చి వాడేస్తుంటారు. అది చేసినా రెండు చోట్ల మాత్రం ఆలోచించి రాసుకోండి. అధ్యక్షుడు వరసగా ఎన్నిసార్లు ఉండొచ్చు అన్నది ఒకటి. రెండుసార్లకు మించకుండా రాసుకోమని నా సలహా. ఒకే మనిషి పదిహేనేళ్లు ఉంటే ఆయన ఎంత మంచివాడైనా సంఘం ఆయన ఇంటి వసారాలోనే ఉండిపోతుంది. రెండోది వీర నారీమణుల ఓటు. చాలా నియమావళుల్లో వాళ్లు ‘గౌరవ సభ్యులు’, అంటే కుర్చీ ఉంటుంది, చెయ్యి ఎత్తే హక్కు ఉండదు. సంఘం చేసే పనిలో సగానికి పైగా వాళ్లకోసమే అయినప్పుడు పూర్తి సభ్యత్వం ఇవ్వడం న్యాయం. కమిటీలో కనీసం ఇద్దరు ఉండేలా రాసుకోండి.

బ్యాంకు ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకంతో ఉండాలి. చందాకు రసీదు, ఖర్చుకు బిల్లు, ప్రతి సమావేశంలో లెక్క చదివి వినిపించడం. లెక్క చదవడం అవమానంగా అనుకునే కోశాధికారులుంటారు. యూనిట్‌లో మెస్ లెక్క నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్లు కదా, అప్పుడు ఎవరూ బాధపడలేదు. సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి డిసెంబరు 7న జరుగుతోంది. ఆ నిధికి విరాళాలు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వెళ్లాలి. సంఘం సొంత రసీదు పుస్తకంతో ఆ పేరు చెప్పి వసూలు చేయకూడదు. లెటర్‌హెడ్డు మీద మూడు సింహాల గుర్తు వేయించకండి. అనుమతి లేకుండా రాజముద్ర వాడటం 2005 నాటి చట్టం ప్రకారం నేరం.

సమావేశాలు ఎప్పుడు పెడితే జనం వస్తారు

మన దగ్గర క్యాలెండరు పంటది. పత్తి తీతలు అక్టోబరు నుంచి, మిర్చి కోతలు సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా. కళ్లాల్లో కాయ ఎండుతుంటే రాత్రిళ్లు కాపలా కూడా అక్కడే. ఫిబ్రవరిలో సర్వసభ్య సమావేశం పెట్టి ‘ఎవరూ రాలేదు’ అంటే ఏం లాభం? యార్డుకు సరుకు చేరి చేతిలో నాలుగు డబ్బులు ఉండే మే, జూన్ నెలలు దానికి అనువు. తొలకరి పడకముందే అయిపోవాలి.

చాలామంది పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ గడువు నవంబరులో పడుతుంది. సరిగ్గా అప్పుడే పత్తి తీతలు. మీ గడువు ఏ నెలో స్పర్శ్ ఖాతాలో చూసుకోండి. అది దాటితే పింఛను ఆగుతుంది. ఒక ఆదివారం సాయంత్రం సంఘం గదిలో స్మార్ట్‌ఫోన్ తెలిసిన కుర్రవాళ్లను ఇద్దరిని కూర్చోబెట్టి, జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి అందరివీ చేయించండి. వేలిముద్రలు పడని చేతులకు ఈ పద్ధతి వరం. మంచాన పడ్డవాళ్ల ఇంటికి ఫోన్ తీసుకునే వెళ్లొచ్చు.

సమావేశంలో ఇంకో చిక్కు ర్యాంకులది. సుబేదారు గారు మాట్లాడుతుంటే సిపాయిగా చేసినాయన నోరు విప్పడు. ముప్పై ఏళ్ల అలవాటు, మర్యాద కూడా. ఆ గౌరవం ఉండనివ్వండి, ‘సాబ్’ అనే పిలవండి. కానీ సంఘంలో ఇద్దరిదీ ఒక్కొక్క ఓటే. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన చివర్లో మాట్లాడితే కిందివాళ్లు తమ కష్టం చెప్పగలుగుతారు. పార్టీ కండువాలు, కులం లెక్కలు గది బయటే ఉండాలి. ఎన్నికల ఏడాది ఇది కష్టమే. కానీ చీలిన సంఘాల్లో ఎక్కువ ఎందుకు చీలాయో మీకు తెలియంది కాదు.

సంఘాలు కలిసి పట్టుబడితే ఏమవుతుందో ఒక ర్యాంకు ఒక పింఛను విషయంలో చూశాం. మాజీ సైనికులు 2015 జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర దీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 5న కేంద్రం ప్రకటన చేసింది. 2014 జూలై 1 నుంచి అమలు చేస్తూ నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి. అయిదేళ్లకోసారి సవరణ, 2019లోనూ 2024లోనూ జూలై 1 నుంచి. మీ పింఛను 2024 సవరణ ప్రకారం పడుతోందా లేదా అన్నది మీ ర్యాంకు, సర్వీసు, గ్రూపు బట్టి పట్టికలో చూసుకోవాలి. సంఘంలో లెక్కలు తెలిసిన ఒకరికి ఈ పని అప్పగించండి.

ఆస్పత్రి

ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మామూలు జబ్బులకు పాలీక్లినిక్, అక్కడి నుంచి రిఫర్ చేస్తే ప్యానెల్‌లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రి. గుండెపోటు, ప్రమాదం లాంటి అత్యవసరాల్లో దగ్గర్లో ఏది ఉంటే అందులో చేర్చండి. అది ప్యానెల్‌లో లేని ఆస్పత్రి అయితే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు సమాచారం ఇవ్వాలి. బిల్లులు తిరిగి రావాలంటే ఇదే కీలకం. ఆస్పత్రి కారిడార్‌లో కంగారుగా ఉన్న కొడుక్కి ఇది గుర్తుండదు. సంఘంలో ఒకరి ఫోన్ నంబరు ప్రతి ఇంటి గోడ మీద రాసి ఉంటే, ఆ ఫోన్ ఎత్తినాయన ఈ ఒక్క పని చేసిపెడతాడు.

ఇచ్చిన భూమి

మాజీ సైనికులకు ప్రభుత్వం అసైన్ చేసిన భూములపై ఒక వెసులుబాటు ఉంది. అసైన్ చేసిన పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కు ఉంది, 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు 1117 ప్రకారం. అయినా ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేయరు. జాబితా నుంచి తీయించడానికి రెవెన్యూ కార్యాలయం ద్వారా కలెక్టరు గారికి దరఖాస్తు చేసుకోవాలి. ఈ ఆలస్యాన్ని అడ్డం పెట్టుకుని ‘నేను క్లియర్ చేయిస్తా, ముందు అగ్రిమెంటు రాయండి’ అంటూ వచ్చేవాళ్లుంటారు. ముఖ్యంగా మగదిక్కు లేని ఇళ్లకు వస్తారు. సంఘం పెద్దలు ఈ బేరాల్లో మధ్యవర్తులుగా ఉండకూడదు. కమిషను ఆశ ఒకసారి లోపలికి వస్తే సంఘం మీద నమ్మకం పోతుంది.

లీగల్ సాయానికి డబ్బు పెట్టక్కర్లేదు. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలై 26న వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100.

అగ్నివీరులు వస్తే చేర్చుకోవాలా?

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు పూర్తయ్యేది 2026 చివరి నుంచి. వాళ్లకు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. పింఛను లేదు, చేరేటప్పటి షరతుల ప్రకారం మాజీ సైనికుడి హోదా, ఈసీహెచ్‌ఎస్, క్యాంటీన్ సదుపాయం లేవు. కానీ మీ సంఘంలో ఎవరుండాలో నిర్ణయించేది మీ నియమావళి. వాళ్లను చేర్చుకోవాలనుకుంటే సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరించి, ఆ సవరణను రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి. చేర్చుకునేటప్పుడు ఒక మాట స్పష్టంగా చెప్పండి: సంఘం సభ్యత్వంతో ప్రభుత్వ ప్రయోజనాలు రావు. పాతికేళ్ల కుర్రాడు అంత డబ్బుతో ఊరికి వస్తుంటే చిట్టీల వాళ్లూ, బైకు షోరూముల వాళ్లూ ఎదురుచూస్తుంటారు. నలుగురు పెద్దవాళ్లు పక్కన ఉండటం వాడికి మేలే. స్పర్శ్ ఆన్‌లైన్, యాప్‌ల పని వాడి చేతిలో పెడితే మీకూ మేలు.

ఫోన్‌లో మోసాలు

‘పీసీడీఏ నుంచి మాట్లాడుతున్నాం, లైఫ్ సర్టిఫికెట్ అవ్వలేదు, పింఛను ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. ప్రయాగ్‌రాజ్ కార్యాలయం ఓటీపీ అడగదు. వాట్సాప్‌లో వచ్చే ‘స్పర్శ్’ యాప్ ఫైలు ఇన్‌స్టాల్ చేయొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఉండిపోయేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. సుబేదారుగా చేసినాయన మోసపోవడం వింతేమీ కాదు, బ్యాంకు మేనేజర్లు కూడా మోసపోతున్నారు.

పింఛను సమస్య ఏదైనా నెలలు గడిచినా కదలకపోతే కేంద్రం నడిపే సీపెన్‌గ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోండి. భూమి, ధ్రువపత్రాలు, రేషను లాంటి రాష్ట్ర పనులకు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు, లేదా 1100కు ఫోన్ చేయొచ్చు. అర్జీ ఇచ్చిన రసీదు నంబరు సంఘం రిజిస్టరులో ఆ సభ్యుడి పేజీలోనే రాయండి. వచ్చే నెల సమావేశంలో ఆ పేజీ తెరిచి ఏమైందో అడగండి.